కొలత, కొలువు: మల్టిపుల్ స్క్లిరోసిస్ వైకల్యాన్ని అంకెలో చెప్పడంలోని నైతిక ప్రశ్న

1. ప్రవేశిక

హైదరాబాదు పాతనగరపు ఉస్మాన్‌గంజ్ టోకు వ్యాపారానికి పేరుపడిన చోటు. 'గంజ్' అన్న మాటకే ధాన్యమూ సరుకులూ అమ్మే బజారు అని అర్థం. బేగంబజారును ఆనుకొని ఉన్న ఈ వీధుల్లో బస్తాలు దిగుతూ ఎక్కుతూ ఉంటాయి. ప్రతి బేరమూ చివరికి కాటా దగ్గరికి చేరవలసిందే. తూకం సరిగా ఉంటేనే అమ్మినవాడికీ కొన్నవాడికీ న్యాయం జరుగుతుంది. ఇక్కడి నుంచి కాలినడకన చేరగల దూరంలో, అఫ్జల్‌గంజ్‌లో, మూసీ ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి ఉంది. దాని కొత్త భవనానికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది కాబట్టి ఆ ఆస్పత్రి ఈ బజారుకు మరింత చేరువ కాబోతున్నది. బజారులో సరుకును తూస్తారు. ఆస్పత్రిలో మనిషిని కొలుస్తారు. ఇరుగుపొరుగున ఉన్న ఈ రెండు కొలతలూ ఒకే జాతికి చెందినవేనా అన్నది ఈ వ్యాసం పరిశీలించదలచిన ప్రశ్న.

ప్రశ్నను మరీ విశాలంగా వదిలేయకుండా ఒక వ్యాధికి పరిమితం చేస్తున్నాను. మల్టిపుల్ స్క్లిరోసిస్ వచ్చినవారిలో వైకల్యం ఎంత పెరిగిందో వైద్యులు అంకెలలో నమోదు చేస్తారు. ఆ అంకె మీద మందు ఆధారపడుతుంది, పరిశోధన ఆధారపడుతుంది, ప్రభుత్వ సహాయమూ ఆధారపడుతుంది. మనిషి పోగొట్టుకున్నదాన్ని అంకెలో పెట్టడం అతనికి న్యాయం చేయడమా, అన్యాయం చేయడమా? రెండింటిలో ఏదో ఒకటి అని తేల్చడం సులభం. అయితే అలా తేల్చిన ప్రతిసారీ రోగి పక్షాన నిజమైనదేదో జారిపోతుంది. కొలత తప్పనిసరి అని ఒప్పుకుంటూనే, కొలిచేవాడికి కొలతకు ముందూ తరువాతా కొన్ని బాధ్యతలు ఉంటాయని, అవి నెరవేరినప్పుడే ఆ అంకెకు నైతికమైన విలువ ఉంటుందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. ప్రమాణశాస్త్రం నుంచీ, తెలుగు పలుకుబడి నుంచీ ఇందుకు కావలసిన ఆధారాలను తీసుకుంటున్నాను.

2. వ్యాధి, దాని మెట్లు

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక కణాలే మెదడు, వెన్నుపాము, కంటి నరాలలోని నాడీతంతువుల మీద ఉండే మైలిన్ అనే పొరను దెబ్బతీయడం మల్టిపుల్ స్క్లిరోసిస్ లక్షణం. పొర చెడిన చోట సందేశం నెమ్మదిస్తుంది, లేదా ఆగిపోతుంది. ఆ చోటు ఏదన్నదాన్ని బట్టి ఒకరికి చూపు మసకబారుతుంది, ఒకరికి కాలు బరువెక్కుతుంది, మరొకరికి మూత్రం మీద అదుపు తప్పుతుంది. వేరొకరికి బయటికి ఏమీ కనిపించని అలసట పట్టుకుంటుంది. ఫ్రెంచి వైద్యుడు షార్కో 1868లో దీన్ని ప్రత్యేక వ్యాధిగా వివరించాడు. ఎక్కువగా ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య, పురుషులకంటే స్త్రీలలో అధికంగా బయటపడుతుంది. చాలామందిలో మొదట్లో ఉన్నట్టుండి వచ్చి కొంత తగ్గే దాడులుగా ఉంటుంది. కొందరిలో తరువాత, కొందరిలో మొదటి నుంచీ, దాడులతో పని లేకుండా మెల్లగా క్షీణత సాగుతుంది.

ఈ క్షీణతను చెప్పడానికి అమెరికన్ నరాల వైద్యుడు జాన్ కుర్ట్‌స్కీ 1955లో ఒక స్కేలును రూపొందించి, 1983లో విస్తరించాడు. విస్తరించిన రూపాన్నే ఈడీఎస్‌ఎస్ అంటున్నారు. అది 0 నుంచి 10 వరకు ఉంటుంది. 1 దాటిన తరువాత అర అంకె చొప్పున మెట్లు. కండరాల బలం, సమతుల్యత, మెదడుకాండం, స్పర్శ, మలమూత్రాల అదుపు, చూపు, మేధాశక్తి వంటి నాడీవ్యవస్థలను వైద్యుడు విడివిడిగా పరీక్షించి గ్రేడులిస్తాడు. స్కేలు దిగువ భాగంలో ఆ గ్రేడులే అంకెను నిర్ణయిస్తాయి. 4 నుంచి ఆధిక్యం నడకది. ఊతం లేకుండా, విశ్రాంతి తీసుకోకుండా 500 మీటర్లు నడవగలిగితే 4, 300 మీటర్లయితే 4.5, 200 మీటర్లయితే 5, 100 మీటర్లయితే 5.5. ఒకవైపు కర్ర పట్టుకొని 100 మీటర్లు నడిస్తే 6, రెండువైపులా ఊతంతో 20 మీటర్లు నడిస్తే 6.5. ఊతం ఉన్నా 5 మీటర్లు దాటలేక చక్రాల కుర్చీకి పరిమితమైతే 7. 10 అంటే ఆ వ్యాధి వల్ల మరణం.

మందుల పరిశోధనలో 'క్షీణత' అనే మాటకు ఈ స్కేలే నిర్వచనమిస్తుంది. సాధారణంగా మొదట 5.5 వరకు ఉన్నవారికి ఒక అంకె, అంతకు పైన ఉన్నవారికి అర అంకె పెరిగి, ఆ పెరుగుదల 12 వారాల తరువాత గానీ 24 వారాల తరువాత గానీ చేసిన పరీక్షలో నిలిచి ఉంటే దాన్ని నిర్ధారిత క్షీణతగా లెక్కిస్తారు. ఒక్కరోజు చూపుతో తీర్పు చెప్పకూడదన్న జాగ్రత్త ఈ నియమంలోనే ఉంది. ఈ జాగ్రత్త ముందుముందు మన చర్చకు ఆధారమవుతుంది.

3. బస్తాకూ మెట్టుకూ భేదం

ఉస్మాన్‌గంజ్‌లో రెండు యాభై కిలోల బస్తాలు కలిపితే వంద కిలోలవుతాయి. మొదటి కిలోకూ నూరో కిలోకూ తేడా లేదు. కాటా ఖాళీగా ఉంటే సున్నా చూపుతుంది, ఆ సున్నాకు అర్థం అక్కడ ఏమీ లేదని. ఈ మూడు గుణాలూ ఈడీఎస్‌ఎస్‌కు లేవు. 2 నుంచి 3కు జరిగిన మనిషి ఉద్యోగానికి వెళుతూనే ఉండవచ్చు. 6 నుంచి 7కు జరిగిన మనిషి ఇంటి గడప దాటడానికి ఇంకొకరి కోసం ఎదురుచూస్తాడు. కాగితం మీద రెండు చోట్లా తేడా ఒక్కటే. 4 ఉన్నవారి వైకల్యం 2 ఉన్నవారికి రెట్టింపు అనడానికి వీలులేదు. సున్నా అంటే నరాల పరీక్షలో లోపం కనిపించలేదని మాత్రమే. మధ్యాహ్నానికి ఒళ్లంతా అలసటతో కూలబడే మనిషి కూడా ఉదయపు పరీక్షలో సున్నా దగ్గరే నిలబడవచ్చు.

కొలతల స్వభావాన్ని 1946లో వర్గీకరించిన మనస్తత్వశాస్త్రవేత్త ఎస్.ఎస్. స్టీవెన్స్ పరిభాషలో చెప్పాలంటే ఇది వరుసను మాత్రమే తెలిపే స్కేలు. ఏది ముందు, ఏది వెనుక అని చెబుతుంది, ఎంత దూరమో చెప్పదు. తరగతిలో మొదటి ర్యాంకు, రెండో ర్యాంకు వంటిది. వరుసను పరిమాణమని పొరబడడం తార్కిక దోషం. మనిషి విషయంలో అది నైతిక దోషం కూడా అవుతుంది. ఎందుకంటే 'అర అంకె మాత్రమే పెరిగింది' అన్న మాటలోని 'మాత్రమే' ఆ మనిషికి తగిలే మాట.

రెండో చిక్కు, నడకకు దక్కిన ఆధిక్యం. ఈ బజారులోనే ముగ్గురిని ఊహించుకుందాం. ఒకరు బస్తాలు మోసే హమాలీ, ఒకరు దుకాణంలో ఖాతా రాసే గుమాస్తా, ఒకరు మిరపకాయల రకాలను చూపుతో, వాసనతో తేల్చి ధర చెప్పే వ్యాపారి. వ్యాధి హమాలీ కాలిని పట్టుకుంటే స్కేలు వెంటనే గుర్తిస్తుంది. గుమాస్తా కుడిచేతి వేళ్లు పట్టు తప్పినా, వ్యాపారి చూపు మసకబారినా, వాళ్లు 500 మీటర్లు నడిచినంత కాలం అంకె పెద్దగా కదలదు. బతుకుతెరువు మాత్రం ముగ్గురికీ సమానంగా పోతుంది.

ఈ లోటును వైద్యులే గుర్తించారు. 25 అడుగుల నడకకు పట్టే సమయం, తొమ్మిది రంధ్రాల పలకలో పుల్లలు పెట్టి తీయడానికి పట్టే సమయం, ఏకాగ్రతను చూసే ఒక పరీక్ష, ఈ మూడింటినీ కలిపిన కొలమానాన్ని 1990ల చివర రూపొందించారు. వ్యాధి రెండో దశలో ఉన్నవారికి నటలిజుమాబ్ అనే మందు పనిచేస్తుందా అని పరిశీలించిన 'అసెండ్' అధ్యయనం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. అన్ని కొలతలనూ కలిపి పెట్టుకున్న ప్రధాన లక్ష్యంలో ఆ మందు విఫలమైంది. చేతి పరీక్షలో మాత్రం క్షీణతను తగ్గించినట్లు కనిపించింది. నడక ఇప్పటికే పోయిన మనిషికి మిగిలిన చెయ్యి ఎంత విలువైనదో ఆలోచిస్తే, దేన్ని కొలవాలి అన్నది శుద్ధ సాంకేతిక ప్రశ్న కాదని తెలుస్తుంది. కొలతను ఎంచుకోవడమంటే ఏ నష్టాన్ని నష్టంగా పరిగణించాలో ఎంచుకోవడమే.

మనిషిని త్రాసులో పెట్టే కథలు మనకు ఉన్నాయి. శిబి చక్రవర్తి పావురానికి సరితూగేంత మాంసాన్ని తన ఒంటి నుంచి కోసి త్రాసులో వేస్తూ పోయాడు. ఎంత వేసినా పావురం వైపే మొగ్గింది. చివరికి తానే త్రాసు ఎక్కవలసివచ్చింది. శ్రీకృష్ణ తులాభారం కథలో సత్యభామ నగలన్నీ చాలలేదు, రుక్మిణి ఉంచిన తులసిదళం సరిపోయింది. మొదటి కథ త్యాగాన్ని, రెండోది భక్తిని చెబుతాయి. మన ప్రశ్న వైపు నుంచి చదివితే రెండింటిలోనూ ఒక సమానాంశం ఉంది. భాగాలను కూడితే మనిషి తూకం రాదు. నాడీవ్యవస్థల గ్రేడులను ఒక్కొక్కటిగా పేర్చి మనిషి నష్టానికి సరితూగే అంకె తెద్దామనే ప్రయత్నానికి ఈ పరిమితి ఎప్పుడూ ఉంటుంది.

4. చోటు, వేళ

సరుకు బరువు ఏ దుకాణంలో తూచినా ఒక్కటే, వేసవిలో తూచినా శీతకాలంలో తూచినా ఒక్కటే. వైకల్యం అలాంటిది కాదు. స్కేలు చెప్పే 500 మీటర్లు సమతలమైన, అడ్డంకులు లేని నడవాలోని దూరం. ఉస్మాన్‌గంజ్‌లో 500 మీటర్లంటే తోపుడుబండ్లు, ఆటోలు, వీపున బస్తాతో వేగంగా వచ్చే హమాలీ, నిలబడి ఉన్న లారీ, ఎత్తుపల్లాల గట్టు. కాళ్లలో బలం ఉన్నా సమతుల్యత తప్పిన మనిషికి ఇక్కడ 50 మీటర్లే 500 మీటర్లు కావచ్చు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాన్ని వ్యక్తి శరీరలోపంగా మాత్రమే చూడలేదు. ఆ లోపానికి పరిసరాల అడ్డంకులు తోడై సమాజంలో పూర్తిగా పాల్గొనకుండా చేసే స్థితిగా నిర్వచించింది. ఈ నిర్వచనం ప్రకారం వైకల్యంలో కొంత భాగం ఆ మనిషిలో కాక వీధిలోనే ఉంటుంది. మనిషిని కొలిచే స్కేలుకు మాత్రం వీధిని కొలిచే ఏర్పాటు లేదు.

వేళ సంగతీ అంతే. శరీరం వేడెక్కినప్పుడు మల్టిపుల్ స్క్లిరోసిస్ లక్షణాలు తాత్కాలికంగా తీవ్రమవుతాయని జర్మన్ కంటివైద్యుడు ఉథాఫ్ 1890లో గమనించాడు. ఆయన పేరుతోనే దాన్ని పిలుస్తున్నారు. దెబ్బతిన్న నాడీతంతువు కొద్దిపాటి వేడికే సందేశాన్ని జారవిడుస్తుంది. జనవరిలో హాయిగా వీధి దాటిన మనిషి మే నెల మధ్యాహ్నం అదే వీధి మధ్యలో ఆగిపోవచ్చు. చల్లటి గదిలో చేసిన పరీక్ష ఆ మే నెలను చూడదు. పైగా స్కేలు దిగువ భాగంలో ఇద్దరు వైద్యులు ఒకే మనిషికి వేర్వేరు అంకెలు ఇవ్వడమూ కద్దు.

ఇదంతా చూపించి, అంకె అబద్ధమని తేల్చడం నా ఉద్దేశం కాదు. అంకె ఒక నిర్ణీతమైన చోట, నిర్ణీతమైన వేళ, నిర్ణీతమైన చూపుతో పుట్టిన వాక్యం. వాక్యానికి సందర్భం చేర్చి చదవాలన్నది సాహిత్య విద్యార్థికి మొదటి పాఠం. అంకెకూ అదే వర్తిస్తుంది.

5. కొలవకపోవడంలోని అన్యాయం

ఇక్కడ ఒక పూర్వపక్షాన్ని గౌరవంగా పరిశీలించాలి. మనిషి బాధ అనంతం, దానిని అంకెలో ఇరికించడమే హింస, కాబట్టి కొలవకూడదు అని సాహిత్యరంగంలో ఉన్నవారికి తేలికగా అనిపిస్తుంది. ఈ వాదం వినడానికి ఉదాత్తంగా ఉంటుంది. దాని ఫలితాన్ని మాత్రం రోగి అనుభవిస్తాడు.

మొదటి నుంచీ క్షీణిస్తూ పోయే రకం మల్టిపుల్ స్క్లిరోసిస్‌కు చాలాకాలం ఏ మందూ ఆధారం చూపలేకపోయింది. 732 మందితో జరిగిన 'ఒరటోరియో' అధ్యయనం ఫలితాలు 2017లో ప్రచురితమయ్యాయి. 12 వారాల నిర్ధారిత క్షీణత ఒక్రెలిజుమాబ్ తీసుకున్నవారిలో 32.9 శాతం మందికి, మందులేని ద్రవం ఎక్కించినవారిలో 39.3 శాతం మందికి కనిపించింది. తేడా చిన్నది. కంటితో ఏ ఒక్క రోగిని చూసినా తెలిసేది కాదు. వందలమందిని ఒకే స్కేలుతో ఏళ్లతరబడి కొలిచినందువల్లే ఆ తేడా బయటపడి, ఆ రకానికి తొలి మందుకు అనుమతి దొరికింది. లోపాలున్న ఈ స్కేలే ఆ పని చేసింది.

చట్టం విషయంలోనూ ఇంతే. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను పేర్కొన్నది. వాటిలో మల్టిపుల్ స్క్లిరోసిస్ లేదు. పేరు లేని నష్టానికి లెక్క లేదు, లెక్క లేనిదానికి హక్కు లేదు. 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన 2016 చట్టం 21 రకాలను గుర్తిస్తూ, దీర్ఘకాలిక నాడీసంబంధ స్థితుల కింద ఈ వ్యాధిని పేరుపెట్టి చేర్చింది. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నట్లు ధ్రువీకరణ పొందినవారికి రిజర్వేషన్ వంటి ప్రత్యేక హక్కులు కల్పించింది. తెలుగు రాష్ట్రాల్లో 'సదరం' అన్న మాట ఇంటింటి మాట అయింది. ఆ శిబిరంలో వచ్చిన శాతమే పింఛనుకు దారి. కొలత లేకపోతే ఎవరి నోరు పెద్దదైతే వారికే సహాయం అందుతుంది. పలుకుబడి లేని మనిషికి అంకె ఒక రక్షణ. దొంగతూకం ఉన్నదని కాటానే వద్దంటే బజారులో మొదట మోసపోయేది చిన్న రైతే.

6. ఒకే మనిషి, రెండు కోరికలు

అయినప్పటికీ శాతం గీత దగ్గర జరిగే ఒక విచిత్రాన్ని గమనించాలి. న్యూరాలజిస్టు ముందు కూర్చున్న మనిషి తన అంకె తక్కువ రావాలని కోరుకుంటాడు. మందు పనిచేస్తున్నదని, నడక నిలిచి ఉన్నదని వినాలనుకుంటాడు. కొన్నాళ్లకు ధ్రువీకరణ శిబిరంలో అదే మనిషి అదే శరీరంతో కూర్చున్నప్పుడు అంకె ఎక్కువ రావాలని కోరుకోక తప్పదు. 39కీ 40కీ మధ్య శరీరంలో ఏ గీతా ఉండదు, జీవితంలో మాత్రం ఉంటుంది. ఒకచోట నిటారుగా నడిచి చూపించాలి, ఇంకొకచోట తడబడి చూపించాలి. వ్యాధి ఆనాడు కొంత తగ్గి ఉంటే ఆ మంచిరోజే అతనికి శత్రువవుతుంది. హెచ్చుతగ్గులున్న వ్యాధికి ఒక్కరోజు శాతం ఇవ్వడంలోని క్రూరత్వం ఇదే.

ఇక్కడ మనిషిని 'నటిస్తున్నాడు' అనడం సులభం. నటించవలసిన రంగస్థలాన్ని కట్టినది కొలత పద్ధతే అన్నది మరచిపోతున్నాం. అనుమానంతో మొదలయ్యే కొలత, కొలవబడేవాడిని అబద్ధం వైపు నెడుతుంది. ఆ తరువాత ఆ అబద్ధాన్నే తన అనుమానానికి సాక్ష్యంగా చూపుతుంది. మందుల పరిశోధనలో మార్పు నిజమా కాదా అని తేల్చడానికి వారాలు ఆగి మళ్లీ చూస్తారని ముందే చెప్పుకున్నాం. కంపెనీ మందుకు ఇచ్చిన ఆ ఓపికను పేద మనిషి హక్కుకు ఎందుకు ఇవ్వకూడదు? ఈ ప్రశ్నకు సిబ్బంది కొరత అన్న సమాధానం ఉండవచ్చు. అది పరిపాలన పరిమితికి వివరణ అవుతుంది, న్యాయం కాజాలదు.

7. ప్రమేయం కాదు, ప్రమాత కూడా

ఈ చిక్కుకు భారతీయ ప్రమాణశాస్త్రంలో ఒక మార్గం కనిపిస్తుంది. ప్రమాణం, అనుమానం, ఉపమానం అన్న మాటలన్నింటిలోనూ ఉన్నది కొలవడమనే అర్థమున్న 'మా' ధాతువే. తెలుసుకోవడమంటే ఒకరకంగా కొలవడమేనని ఆ పరిభాష ఒప్పుకున్నది. తెలియబడేది ప్రమేయం, తెలుసుకునేవాడు ప్రమాత. కాటా మీది బస్తా ప్రమేయం మాత్రమే, తన బరువు గురించి అది ఏమీ చెప్పలేదు. పరీక్షగదిలోని మనిషి ప్రమేయమూ, ప్రమాతా కూడా. తన అలసట, తన మూత్రపు అదుపు, రాత్రిపూట కాళ్ల బిగుతు, మాట వెతుక్కునే క్షణం, వీటిని ప్రత్యక్షంగా తెలుసుకున్నవాడు అతనొక్కడే. వైద్యుడికి అవి అనుమానప్రమాణం వల్ల తెలిసేవి.

న్యాయదర్శనం శబ్దాన్ని ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించింది. ఆప్తుడి మాట ప్రమాణం. ఆప్తుడెవరన్న ప్రశ్నకు వాత్స్యాయనుడి న్యాయభాష్యం ఇచ్చిన నిర్వచనం గమనింపదగింది. విషయాన్ని సాక్షాత్తుగా తెలుసుకొని, తెలిసింది తెలిసినట్లు చెప్పాలన్న కోరికతో మాట్లాడేవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని కూడా భాష్యకారుడు స్పష్టం చేశాడు. అంటే ఆప్తత్వం పదవి వల్ల వచ్చేది కాదు, చదువు వల్ల వచ్చేదీ కాదు. తెల్లకోటు వేసుకున్నవారికి ఎంత వర్తిస్తుందో హమాలీకీ అంతే వర్తిస్తుంది.

ఆధునిక వైద్యం కూడా తనదైన దారిలో ఇక్కడికే వచ్చింది. 2001లో లండన్ పరిశోధకులు 29 ప్రశ్నల పత్రాన్ని రూపొందించారు. వాటిలో 20 శరీరానికి, 9 మనసుకు సంబంధించినవి. జవాబు చెప్పేది రోగి. వ్యాధి తన దినచర్యను ఎంతగా అడ్డుకున్నదో తానే గుర్తుపెడతాడు. ఇది రోగి మాటను ప్రమాణంగా అంగీకరించే ప్రయత్నం.

దీనిపై రెండు ఆక్షేపణలు రావచ్చు. లాభం ఉన్నచోట మనిషి నిజం చెబుతాడా అన్నది మొదటిది. ఆప్తలక్షణంలో రెండో షరతు ఇందుకోసమే ఉన్నది. చెప్పాలన్న కోరిక శుద్ధంగా ఉండాలంటే, నిజం చెప్పినందుకు శిక్ష పడని పరిస్థితిని అడిగేవాడు కల్పించాలి. మంచిరోజు గురించి నిజం చెబితే పింఛను పోయే పద్ధతిలో ఆప్తవాక్యాన్ని ఆశించడం న్యాయం కాదు. మనిషి వైకల్యానికి అలవాటుపడి తన నష్టాన్ని తక్కువగా చెప్పుకుంటాడు కదా అన్నది రెండోది. ఇది నిజమే. ఏళ్లతరబడి మెట్లు ఎక్కని మనిషి మెట్ల గురించి ఫిర్యాదు చేయడు. ముఖ్యంగా ఇంటిపని మోసే స్త్రీలు 'పరవాలేదు' అన్న ఒక్కమాటతో ఎంతో దాస్తారు. అందుకే ఈ ప్రమాణం మరొకదాన్ని తొలగించి దాని చోట కూర్చోకూడదు. ప్రత్యక్షం, అనుమానం, శబ్దం, ఒక్కొక్కదానికి తన పరిధి ఉంది. వైద్యుడి సుత్తి మోకాలి గురించి చెబుతుంది. ఆ మోకాలితో గడిపిన రోజు గురించి మనిషే చెప్పాలి.

8. కొలుచు అన్న క్రియ

తెలుగులో 'కొలుచు' అన్న క్రియకు నిఘంటువులు రెండర్థాలు ఇస్తాయి. ఒకటి పరిమాణం తెలుసుకోవడం, రెండోది సేవించడం, పూజించడం. కొలత మొదటి అర్థం నుంచి, కొలువు రెండో అర్థం నుంచి వచ్చాయి. గింజలను కొలుస్తాం, దేవుణ్ణి కొలుస్తాం. ఈ రెండు అర్థాలకూ మూలం ఒకటేనా, వేర్వేరు ధాతువులు రూపంలో కలిసిపోయాయా అన్నది భాషాశాస్త్రం తేల్చవలసిన విషయం. నా వాదం ఆ తీర్పు మీద ఆధారపడదు. ఒకే మాట రెండు పనులనూ మోస్తున్న భాషలో పెరిగినవారికి ఆ రెంటి మధ్య సంబంధం ఆలోచనకు అందుబాటులో ఉంటుంది, అంతవరకే.

ఇదొక్కటే కాదు. 'లెక్క' గణితం, 'లెక్కచేయడం' మర్యాద. ఒకరిని లెక్కచేయలేదంటే కూడలేదని కాదు, పట్టించుకోలేదని. 'ఎంచు' అన్నా లెక్కపెట్టడమూ, భావించడమూ రెండూ. సంస్కృతం నుంచి తెచ్చుకున్న 'పరిగణన'లోనూ గణన ఉన్నది. వ్యవహారంలో ఇన్నిచోట్ల లెక్కా పట్టింపూ జంటగా కనిపించడం వల్ల ఒక ప్రమాణవాక్యం చెప్పుకోవచ్చు. మనిషిని లెక్కపెట్టేవారు ఆ మనిషిని లెక్కచేయాలి. మొదటి పని జరిగి రెండోది జరగకపోతే అంకె గణితపరంగా సరైనదే అయినా తప్పుడు తూకమే.

ఈ వెలుగులో కొలిచేవారి బాధ్యతలు నాలుగుగా తేలుతున్నాయి. దేనికోసం కొలుస్తున్నారో ముందుగా చెప్పడం మొదటిది. మందు పనితనం తెలుసుకోవడానికి పుట్టిన అంకెతో బతుకుతెరువు సంగతి తేల్చకూడదు. హెచ్చుతగ్గులున్న వ్యాధిని ఒక్కరోజు చూపుతో ముగించకపోవడం రెండోది. మనిషి మాటను అంకె పక్కనే, అంతే గౌరవంతో నమోదు చేయడం మూడోది. అంకెను ప్రశ్నించే దారి తెరచి ఉంచి, ఆ దారి ఉందని చెప్పడం నాలుగోది. ధ్రువీకరణ అధికారి నిర్ణయంతో విభేదించేవారు అప్పీలు చేసుకోవచ్చని 2016 చట్టం 59వ సెక్షన్ చెబుతోంది. కాగితం మీది ఆ హక్కు, చదువురాని మనిషికి అతని భాషలో వివరించినప్పుడే హక్కవుతుంది. ఈ చివరి పనిలో తెలుగు శాఖలకూ పాలు ఉన్నది. అలసట, తిమ్మిరి, మొద్దుబారడం, పట్టు తప్పడం, కళ్లు బైర్లు కమ్మడం వంటి మాటలతో జనం తమ ఒంటిని వర్ణించుకుంటారు. ప్రశ్నపత్రాలు తెలుగులోకి వచ్చేటప్పుడు ఆ మాటల మధ్య ఉన్న సూక్ష్మభేదాలు నిలవాలంటే మాండలికాలు ఎరిగినవారు ఆ పనిలో కూర్చోవాలి.

9. ఉపసంహారం

మల్టిపుల్ స్క్లిరోసిస్ క్షీణతను కొలవడంలోని సమస్య అంకె ఉండడంలో లేదు. వరుసను పరిమాణంగా, నడకను జీవితంగా, ఒక్కరోజును సంవత్సరంగా, ప్రమాతను ప్రమేయంగా చదవడంలో ఉంది. కొలవనే వద్దన్న వాదం రోగిని మందుకూ హక్కుకూ దూరం చేస్తుంది. కొలతే చాలునన్న వాదం అతని సాక్ష్యాన్ని కొట్టిపారేస్తుంది. అంకెను ఒక సందర్భంలో పుట్టిన, సవరణకు లోబడిన వాక్యంగా స్వీకరించి, దాని పక్కన మనిషి మాటకు ప్రమాణస్థానం ఇవ్వడమే ఈ రెండింటికీ మధ్యనున్న మార్గం.

ఉస్మాన్‌గంజ్ కాటాకు కూడా ఒక నీతి ఉంది. తూచేటప్పుడు కాటా ముఖం కొనేవాడి వైపు ఉండాలి. తూకం తనకు కనబడనప్పుడు మళ్లీ తూచమని అడిగే హక్కు అతనికి ఉన్నది. బస్తా పప్పుకు ఇచ్చే ఈ మర్యాద, నడక తడబడుతున్న మనిషికి అతని అంకె విషయంలో దక్కాలన్నదే ఈ వ్యాసం చేసే ప్రతిపాదన.